ఒకే గిన్నెలో తిన్న ఇద్దరు పిల్లలు: తార్నాకలో హార్మోన్ల పరిశోధన కథ

ఈ ఎపిసోడ్‌లో మనం హైదరాబాద్ తార్నాకలో జరిగిన ఒక పరిశోధన గురించి మాట్లాడుకుందాం. రాకెట్లు, అణువులు లాంటి పెద్ద పెద్ద విషయాలు ఇందులో ఉండవు. ఆకలితో ఉన్న పిల్లల ఒంట్లో హార్మోన్లు ఏం చేస్తాయి అన్న ప్రశ్న చుట్టూ తిరిగే కథ ఇది. కానీ ఆ ప్రశ్నకి వచ్చిన జవాబు మీద పేద పిల్లలకి ప్రభుత్వాలు ఏం పెట్టాలి అన్న నిర్ణయం ఆధారపడి ఉండింది. అందుకే ఇది చెప్పుకోవలసిన కథ.

ముందు ఒకసారి మన బడి పుస్తకాన్ని గుర్తు చేసుకోండి. జీవశాస్త్రంలో పోషకాహార లోపం గురించి ఒక పాఠం ఉండేది. అందులో ఇద్దరు పిల్లలు. ఒకరికి కాళ్లూ మొహం నీరు పట్టి ఉబ్బిపోయి ఉంటాయి. చర్మం పొట్టు లేస్తుంది, జుట్టు రంగు మారిపోతుంది. రెండో పిల్లవాడు ఎముకల గూడు. తోలు ముడతలు పడి, మొహం ముసలివాళ్ల మొహంలా ఉంటుంది. మొదటిది క్వాషియార్కర్, ప్రోటీన్ లోపం వల్ల వస్తుంది. రెండోది మెరాస్మస్, ప్రోటీన్లు కేలరీలు రెండూ లోపించడం వల్ల వస్తుంది. ఇలా బట్టీ పట్టాం, రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పటికీ పిల్లలు అలాగే రాస్తున్నారు.

అయితే ఈ వాక్యం సరిగ్గా లేదని అర్ధశతాబ్దం కిందటే తార్నాక నుంచి ఒక మాట వచ్చింది. ఆ మాట చెప్పినవాళ్లలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు డాక్టర్ కొలత్తూర్ గోపాలన్, రెండోవారు హార్మోన్ల మీద పని చేసిన శాస్త్రవేత్త డాక్టర్ కమలా జయారావు. గోపాలన్ గారి పేరు చాలామంది విన్నారు. కమలా జయారావు గారి పేరు తెలుగువాళ్లలో కూడా తక్కువమందికి తెలుసు. ఈ రోజు ముఖ్యంగా ఆవిడ పని గురించి చెప్పుకుందాం.

ముందు చోటు సంగతి. తార్నాక చౌరస్తా దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. దాని తపాలా చిరునామాలో ఇప్పటికీ జామియా ఉస్మానియా అనే ఉంటుంది. ఈ సంస్థ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టర్ నీలగిరుల్లో, కూనూరులో, బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం ఒక చిన్న విభాగం పెట్టాడు. అది పెరిగి పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాద్‌కి మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చింది.

కొండ మీద చల్లటి ఊరు నుంచి దక్కన్ నేల మీదకి రావడంలో ఒక లాభం ఉంది. ఇక్కడ చుట్టూ జొన్న తినే పల్లెలు ఉన్నాయి, నగరంలో నిలోఫర్ ఆస్పత్రి ఉంది. పల్లెలో పిల్లలు ఏం తింటున్నారో ఇంటికి వెళ్లి చూడొచ్చు. జబ్బు ముదిరి ఆస్పత్రికి వచ్చిన పిల్లల్ని వార్డులో చూడొచ్చు. రక్తం నమూనా పట్టుకుని తార్నాక ప్రయోగశాలకి రావొచ్చు. పొలం, వార్డు, ప్రయోగశాల ఈ మూడూ ఒకే ఊళ్లో దొరకడం మామూలు విషయం కాదు.

ఈ సంస్థకి ఒక అలవాటు కూడా ఉండేది. పుస్తకంలో రాసింది కళ్లముందు కనిపించే దానితో సరిపోకపోతే పుస్తకాన్ని ప్రశ్నించడం. ఉదాహరణకి పెల్లాగ్రా అనే జబ్బు చూడండి. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు అవుతాయి, మతి చలిస్తుంది. ప్రపంచమంతా అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు అనుకుంది. మన దక్కన్‌లో జొన్న తినేవాళ్లకి వస్తోంది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే దీనికి కారణం కావచ్చని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. అది వేరే ఎపిసోడ్. ఇక్కడ మనకి కావలసింది ఆ అలవాటు ఒక్కటే.

ఇప్పుడు క్వాషియార్కర్ దగ్గరికి వద్దాం. ఆ పేరు ఎక్కడిది? ఇప్పటి ఘానాని అప్పట్లో గోల్డ్ కోస్ట్ అనేవారు. అక్కడ పని చేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ 1933లో ఈ జబ్బుని వర్ణించారు. 1935లో లాన్సెట్‌లో రాస్తూ, అక్కడి గా భాషలో జనం పిలిచే పేరునే వాడారు. తర్వాతి బిడ్డ పుట్టడంతో తల్లి పాలకి దూరమైన పెద్ద బిడ్డకి వచ్చే జబ్బు అని దాని భావం. మన ఇళ్లలోనూ ఇది తెలిసిన విషయమే. చంటిది కడుపున పడగానే పెద్దదానికి పాలు మాన్పిస్తారు. ఆ పిల్లకి తర్వాత దొరికేది పలుచటి గంజి.

సిసిలీ విలియమ్స్ ఇందులో ప్రోటీన్ లోపం ఉండొచ్చని అనుమానించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ అనుమానం సిద్ధాంతం అయిపోయింది. 1950ల నుంచి ఐక్యరాజ్యసమితి సంస్థలన్నీ ప్రపంచంలో పేద పిల్లల అసలు సమస్య ప్రోటీన్ అని నమ్మాయి. పాలపొడి పంపాలి, చేపల నుంచి ప్రోటీన్ పిండి తీయాలి, నూనె తీసిన గింజల పిండి నుంచి ప్రోటీన్ చేయాలి, రొట్టెలో లైసిన్ కలపాలి. ఇలా ఎన్నో పథకాలు. 1968లో ఐక్యరాజ్యసమితి సలహా సంఘం ఒకటి ప్రోటీన్ సంక్షోభం ముంచుకొస్తోందని హెచ్చరిస్తూ నివేదికే ఇచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే గోపాలన్ ఒక చిక్కు ప్రశ్న వేశారు. ఆయన 1960ల మొదట్లో ఈ సంస్థకి డైరెక్టర్ అయ్యి 1974 దాకా ఉన్నారు. ఆయన అన్నది ఏమిటంటే, మన పల్లెల్లో క్వాషియార్కర్ వచ్చిన పిల్లలు ఏం తిన్నారు, మెరాస్మస్ వచ్చిన పిల్లలు ఏం తిన్నారు, ఇద్దరి తిండినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపించడం లేదు. అదే జొన్న, అదే బియ్యం, అదే కొద్దిపాటి పప్పు. ఒకే వాడ, ఒకే రకం ఇల్లు. ఇంకా విచిత్రం, క్వాషియార్కర్‌తో వచ్చిన పిల్లకి నీరు తీసేశాక చూస్తే కింద ఉన్నది మెరాస్మస్ ఒళ్లే. రెండూ కలిసి ఉన్న పిల్లలు కూడా ఉన్నారు.

మరి తిండి ఒకటే అయితే జబ్బులు రెండెందుకు? గోపాలన్ జవాబు ఇది. తేడా తిండిలో లేదు, ఒంట్లో ఉంది. తక్కువ తిండికి సర్దుకుపోయే శక్తి ఉన్న శరీరం మెరాస్మస్‌గా మారుతుంది. ఆ సర్దుబాటు విఫలమైతే క్వాషియార్కర్ వస్తుంది. ఇది 1968లో అచ్చయింది.

బాగుంది. కానీ సర్దుబాటు అనేది మాట మాత్రమే. దాన్ని కొలవడం ఎలా? తెలుగులో ఒళ్లు అలవాటు పడింది అంటాం, అది శాస్త్రం కాదు కదా. శరీరంలో ఆ సర్దుబాటు నడిపేది ఎవరు అని వెతకాలి. ఇక్కడే హార్మోన్ల శాస్త్రం అవసరమైంది. కమలా జయారావు గారి పని మొదలయ్యేది ఇక్కడే.

కాస్త ఓపిక పట్టండి, హార్మోన్ల సంగతి సులువుగానే చెప్తాను. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. అవి కార్టిసాల్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. కష్టకాలంలో అది పెరుగుతుంది. కార్టిసాల్ కండరాల్ని కరిగించి, అందులోని అమైనో ఆమ్లాల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ అమైనో ఆమ్లాలతో కాలేయం తన పని నడుపుకుంటుంది. ఇక మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి గ్రోత్ హార్మోన్ వస్తుంది. అది కండ కరిగిపోకుండా నిలిపే వైపు పని చేస్తుంది. మూడోది ఇన్సులిన్, తిన్నదాన్ని దాచి పెట్టే హార్మోన్.

వీటిని కొలవడం ఆ రోజుల్లో తేలిక కాదు. గ్రోత్ హార్మోన్ రక్తంలో ఉండేది నానోగ్రాముల్లో, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు లెక్కన. 1960 ప్రాంతంలో అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ కనిపెట్టిన రేడియో ఇమ్యునో అస్సే అనే పద్ధతి వచ్చాకే ఇంత చిన్న మోతాదుల్ని నమ్మకంగా కొలవడం వీలైంది. యాలోకి 1977లో నోబెల్ వచ్చింది కూడా దానికే. పైగా ఇక్కడ రక్తం ఇవ్వాల్సింది ఎవరు? ఒంట్లో రక్తమే లేని రెండేళ్ల పిల్లలు. చాలా కొద్ది రక్తంతో పని ముగించాలి.

1968లో కమలా జయారావు, శ్రీకంఠయ్య, గోపాలన్ ముగ్గురూ కలిసి పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో కార్టిసాల్ స్థాయిల మీద ఒక వ్యాసం ప్రచురించారు. కార్టిసాల్ రెండు రకాల పిల్లల్లోనూ పెరిగింది. కానీ ఎముకల గూడులా ఉన్న మెరాస్మస్ పిల్లల్లో ఇంకా ఎక్కువగా ఉంది. ఆ తర్వాత ఆవిడ, రఘురాములు కలిసి ఇన్సులిన్, గ్రోత్ హార్మోన్ల మీద పని చేశారు. క్వాషియార్కర్ పిల్లల్లో గ్రోత్ హార్మోన్ బాగా పెరిగి కనిపించింది. ఎదుగుదల ఆగిపోయిన పిల్లలో ఎదుగుదల హార్మోన్ ఎక్కువ ఉండటం, వినడానికే వింతగా ఉంది కదా.

ఈ ముక్కలన్నీ ఒక చోట పేర్చి 1974లో లాన్సెట్‌లో ఆవిడ ఒక్కరే ఒక వ్యాసం రాశారు. క్వాషియార్కర్, మెరాస్మస్ ఎలా పరిణమిస్తాయి అన్నదే దాని విషయం. వాదన సారాంశం మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు. తిండి తగ్గింది. కార్టిసాల్ పెరిగింది. కండ కరిగింది. ఆ కండలోంచి వచ్చిన అమైనో ఆమ్లాలతో కాలేయం ఆల్బుమిన్ తయారు చేస్తూనే ఉంది. ఆల్బుమిన్ రక్తంలో నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే ఆ పిల్ల ఎండిపోతుంది తప్ప ఉబ్బదు. ఇది మెరాస్మస్. కొందరు పిల్లల్లో ఈ ఏర్పాటు తట్టుకోలేక మధ్యలో కూలిపోతుంది. కార్టిసాల్ పని చాలదు, గ్రోత్ హార్మోన్ పైచేయి అవుతుంది, కాలేయానికి సరుకు అందదు. ఆల్బుమిన్ పడిపోతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, ఒంటికి నీరు పడుతుంది. ఇది క్వాషియార్కర్.

ఇంట్లో వంటచెరకు అయిపోయిందనుకోండి. ఒక ఇల్లాలు పాత తలుపు చెక్క విరగ్గొట్టి పొయ్యిలో పెట్టి ఆ పూట గడుపుతుంది. ఇల్లు బోసిపోతుంది, పొయ్యి మాత్రం ఆరదు. మెరాస్మస్ అలాంటిది. ఆ చెక్క కూడా పొయ్యి దాకా చేరకపోతే పొయ్యి ఆరిపోతుంది. అది క్వాషియార్కర్. రెండు ఇళ్లలోనూ లేనిది ఒకటే, వంటచెరకు.

ఈ చివరి మాట దగ్గర ఆగుదాం. ఎందుకంటే అసలు గొడవ ఇక్కడే. రెండు జబ్బులకీ మూలం ఒకటే అయితే, ఉబ్బిన పిల్లని చూపించి ఇది ప్రోటీన్ కరువు అనడం కుదరదు. కేలరీలు చాలనప్పుడు, తిన్న కొద్ది ప్రోటీన్‌ని కూడా శరీరం ఇంధనంగా కాల్చేస్తుంది. అంటే కడుపు నిండా అన్నం లేని పిల్లకి ఖరీదైన ప్రోటీన్ పొడి పెడితే, అది కండగా మారకుండా పొయ్యిలోకే పోతుంది.

దీన్ని తార్నాక వాళ్లు మాటల్లో వదిలేయలేదు. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1 నుంచి 5 ఏళ్ల పిల్లలకి 14 నెలల పాటు రోజూ ఒక అదనపు తిండి ఇచ్చారు. గోధుమ పిండి, చక్కెర, నూనెతో చేసింది. అందులో 310 కేలరీలు ఉన్నాయి, ప్రోటీన్ 3 గ్రాములు మాత్రమే. ప్రోటీన్ సిద్ధాంతం నిజమైతే దీనివల్ల పెద్దగా ప్రయోజనం ఉండకూడదు. కానీ ఆ పిల్లలు మిగతా పిల్లలకన్నా ఎత్తులోనూ బరువులోనూ బాగా పెరిగారు. గోపాలన్ బృందం 1973లో ఈ ఫలితాలు ప్రచురించింది. ఇంట్లో తినే జొన్నలు, బియ్యం, పప్పులో ఉన్న ప్రోటీన్ చాలావరకు సరిపోతుంది, కాకపోతే ఆ తిండి కడుపునిండా దొరకాలి. అదీ వాళ్లు తేల్చింది.

అదే 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ అనే శాస్త్రవేత్త, ప్రోటీన్ పేరుతో ప్రపంచం చేసిన హడావిడి పెద్ద వైఫల్యం అని లాన్సెట్‌లోనే రాశాడు. ఆ వ్యాసం ప్రపంచమంతటా పేరు పొందింది. పోషకాహార చరిత్ర రాసేవాళ్లు ఆ పేరు తప్పకుండా చెప్తారు. అంతకు కొన్ని నెలల ముందు అదే పత్రికలో వచ్చిన హైదరాబాద్ వ్యాసాన్ని మాత్రం అంతగా తలుచుకోరు.

1975 అక్టోబర్ 2న మన దేశంలో 33 బ్లాకుల్లో ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీ పథకం మొదలైంది. ఆరేళ్ల లోపు పిల్లకి రోజుకి అదనంగా ఎంత ఇవ్వాలని పెట్టుకున్నారో తెలుసా? 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రోటీన్. హైదరాబాద్ మిక్స్ అనే పొడి కూడా ఈ సంస్థ నుంచే వచ్చింది. అందులో ఉండేవి గోధుమలు, శనగపప్పు, పల్లీలు, బెల్లం. ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సరుకులు. డబ్బాలో విదేశాల నుంచి రావలసింది ఒక్కటీ లేదు.

కమలా జయారావు గారు ప్రయోగశాలతో ఆగలేదు. మెడికో ఫ్రెండ్ సర్కిల్ అని, ఆరోగ్యాన్ని సమాజం వైపు నుంచి చూసే డాక్టర్ల బృందం ఒకటి ఉంది. వాళ్ల బులెటిన్‌కి 1980ల మొదట్లో ఆవిడ సంపాదకురాలు. అందులో ఆవిడ రాసిన ఒక వ్యాసం అడిగే ప్రశ్న ఇది: పోషకాహారం లేనిది తల్లికా, స్త్రీకా? ఆలోచించండి. మన పథకాలన్నీ ఆడమనిషిని గర్భిణి అయినప్పుడు, పాలిచ్చేటప్పుడు గుర్తు పెట్టుకుంటాయి. అంతకు ముందు, ఆ తర్వాత ఆమె ఆకలి ఎవరి లెక్కలోకీ రాదు. నానోగ్రాముల్లో హార్మోన్లు కొలిచిన మనిషి అడిగిన ప్రశ్న ఇది. రెండు పనులకీ సంబంధం ఉంది. పిల్ల ఒంట్లో కార్టిసాల్ ఎందుకు పెరిగిందని వెనక్కి వెళ్తే, చివరికి ఇంట్లో ఎవరికి ఎంత తిండి దక్కుతోంది అన్న చోటికే చేరతాం.

ఇప్పుడు మీరు అడగొచ్చు. మరి ఆవిడ సిద్ధాంతం పూర్తిగా నిజమని తేలిందా? నిజాయితీగా చెప్పుకోవాలి. పూర్తిగా తేలలేదు. హార్మోన్లలో కనిపించిన తేడా జబ్బుకి కారణమా, లేక జబ్బు వల్ల వచ్చిన ఫలితమా అని చాలామంది అడిగారు. 1980లలో మైఖేల్ గోల్డెన్ అనే శాస్త్రవేత్త, చికిత్సలో ఆల్బుమిన్ పెరగకముందే నీరు తీస్తోందని చూపించాడు, కాబట్టి ఉబ్బుకి ఆల్బుమిన్ ఒక్కటే కారణం కాదన్నాడు. ఫ్రీ రాడికల్స్ వల్ల కణాలకి జరిగే నష్టం వైపు వేలు చూపాడు. 2013లో ఆఫ్రికాలోని మలావీ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. 317 జతల కవల పిల్లల్ని చూశారు. ఒకే ఇల్లు, ఒకే తిండి, అయినా కొన్ని జతల్లో ఒకరికి క్వాషియార్కర్ వచ్చింది, రెండోవారికి రాలేదు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల పాత్ర ఉందని వాళ్లు తేల్చారు.

కానీ ఒకటి గమనించండి. ఈ కొత్త జవాబులన్నీ గోపాలన్, కమలా జయారావు వేసిన ప్రశ్నకే వచ్చిన జవాబులు. తిండి ఒకటే అయినప్పుడు జబ్బులు రెండెందుకు? ఆ ప్రశ్న నిలబడింది. తేడా తిండి రకంలో లేదన్న మాట కూడా నిలబడింది. మారుతున్నది శరీరం లోపల ఏం జరుగుతోందన్న వివరణ. శాస్త్రంలో ఇది చిన్న విజయం కాదు.

ఇదంతా పాత సంగతి, ఇప్పుడెందుకు అంటారా? రెండు కారణాలు. ఒకటి, పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో ఇన్సులిన్ స్పందన బలహీనంగా ఉంటుందని ఆ రోజుల్లోనే కనిపించింది. అలాంటి బాల్యం గడిపి, పెద్దయ్యాక సన్నగా ఉంటూనే మధుమేహం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఒక ప్రత్యేక రకంగా గుర్తించింది, 1999లో ఆ వర్గాన్ని తీసేసింది. మళ్లీ 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్ 5 మధుమేహం అని గుర్తించింది. అంటే ఆకలి చేసిన పని ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా ఒంట్లో మిగిలే ఉంటుందన్నమాట.

రెండోది, టీవీ పెట్టి చూడండి. పిల్లలకి ప్రోటీన్ పొడి, పెద్దలకి ప్రోటీన్ బిస్కెట్, మనందరికీ ప్రోటీన్ తక్కువ అని రోజూ చెప్తూనే ఉంటారు. ప్రోటీన్ కావాలి, అందులో అనుమానం లేదు. పప్పు, గుడ్డు, పాలు పిల్లలకి అందాలి. కానీ పేద పిల్ల సమస్య డబ్బాలో అమ్మే ఒక్క పోషకం అని ఎవరైనా అంటే, ఆ మాట ఇంతకు ముందు కూడా ప్రపంచం నమ్మిందని, దాన్ని తార్నాకలో పరీక్షకి పెట్టి చూశారని గుర్తు చేసుకోండి.

మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే జీవశాస్త్రం పుస్తకంలో ఆ పేజీ ఒకసారి తీయించండి. పరీక్షలో ఉన్నదే రాయమనండి, మార్కులు పోకూడదు. ఆ తర్వాత ఈ కథ కూడా చెప్పండి. ఉస్మానియా ముందు నుంచి బస్సులో వెళ్తున్నప్పుడు, ఈ ప్రశ్న అడిగింది ఇక్కడేనని ఆ గేటు చూపించండి.